అడుగవలసిన చోటు

బేగంపేటలో చిరాన్ ఫోర్టు సందు అను నొక సందు కలదు. 2008వ సంవత్సరము అక్టోబరు మొదలు 2023వ సంవత్సరము మార్చి వరకు ఆ సందులోని పాయిగా ప్యాలెసులో అమెరికా కాన్సులేటు ఉండెను. హైదరాబాదు సంస్థానమునకు ప్రధానిగా పనిచేసి, ఫలక్‌నుమా సౌధమును నిర్మింపజేసిన సర్ వికారుల్ ఉమ్రాయే ఈ భవనమును గూడ కట్టించెను. 2008 మార్చిలోనే బేగంపేట విమానాశ్రయమునుండి ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినవి. విమానములు పోయిన పేటకు, విమాన మెక్కగోరువారు ఆ యేడే వచ్చి చేరిరి. కూతవేటు దూరముననున్న అమీరుపేట మైత్రీవనము చుట్టుపట్ల కంప్యూటరు విద్య నేర్చిన పిల్లలు ఆ సందులో ఉదయముననే వచ్చి నిలువబడుటయు, ఎదుటి కాలిబాటమీద తల్లులు చేతిలో మంచినీళ్ల సీసాతో కాచుకొనియుండుటయు ఆ పదునైదేండ్లలో ఆ దారిని పోయినవారందరు చూచినదే.

అయితే ఆ వరుసలో శాశ్వతముగా వలసపోవు వీసాకై వచ్చినవారు లేరు. చదువునకు, ఉద్యోగమునకు, చుట్టపుచూపునకు పోవువారికే అక్కడ ఇంటర్వ్యూ జరిగెడిది. 2023 మార్చిలో కాన్సులేటు నానక్‌రాంగూడకు మారినది. అచ్చట 34 కోట్ల డాలర్ల వ్యయముతో, వీసా పనికే 54 కిటికీలతో గొప్ప భవనము లేచినది. ఆంధ్రప్రదేశము, తెలంగాణము, ఒడిశా దాని పరిధిలోనివి. కాని వలస వీసా విషయములో ఏర్పాటు మారలేదు. కొడుకో కూతురో అమెరికా పౌరులై, తలిదండ్రులను గాని, భార్యను గాని, భర్తను గాని, తోబుట్టువులను గాని స్థిరనివాసమునకు పిలిపించుకొనదలచినచో, ఆ పిలువబడిన తెలుగువారు ముంబయి కాన్సులేటునకు పోయి ప్రశ్నలకు బదులు చెప్పవలెను. ఆరునెలలు చూచి వచ్చెదనన్నవారికి ఇంటర్వ్యూ ఇంటిదగ్గర. ఇల్లు విడిచి పోయెదనన్నవారికి ఏడువందల కిలోమీటర్ల దూరమున.

ఇటీవల ఈ స్థలనియమము మరికొంత బిగిసినది. 2025 నవంబరు 1వ తేదీనుండి వలస వీసా కోరువారు తాము నివసించు దేశమునకు నిర్ణయింపబడిన కాన్సులేటులోనో, కోరినచో తాము పౌరులైన దేశమునకు నిర్ణయింపబడిన దానిలోనో ఇంటర్వ్యూకు హాజరు కావలెననియు, స్వల్పమైన మినహాయింపులు తప్ప వేరొక దేశమునకు పోయి అడుగరాదనియు ఆ ప్రభుత్వము శాసించినది. కువైటులోనో దుబాయిలోనో పనిచేయుచున్న మనవారికి దీనివలన రెండు చోట్లలో నొకటి ఎన్నుకొను వీలు కలదు. అమీరుపేటలోనో అమలాపురములోనో ఉన్న వృద్ధురాలికి ఎన్నుకొనుటకేమియు లేదు. ఆమె త్రోవ ముంబయి త్రోవయే.

ఈ ఏర్పాటు మంచిదా చెడ్డదా యని వాదించుటకు ముందు, ప్రశ్న యడుగు చోటు లోకములో ఎట్లు మారుచు వచ్చినదో కొంచెము తెలిసికొనుట మేలు.

1892లో న్యూయార్కు రేవునందలి ఎల్లిస్ ద్వీపమున వలసవచ్చినవారిని పరీక్షించు కేంద్రము తెరువబడెను. 1954లో అది మూయబడులోపల కోటి యిరువది లక్షలమంది దాని గుమ్మము దాటిరి. సముద్రము దాటి ఓడ దిగిన పిమ్మట అక్కడ కంటిరెప్పలు తిరుగవేసి చూచెడివారు. పేరు, ఊరు, చేతనున్న సొమ్ము అడిగెడివారు. నూటికి ఇద్దరిని వచ్చిన దారినే మరల పంపివేసిరి. పడమటి తీరమున శాన్‌ఫ్రాన్సిస్కో యెదుట ఏంజెల్ ద్వీపములో 1910 నుండి 1940 వరకు ఆసియాఖండమువారిని వారములు, నెలలు నిలిపియుంచి ప్రశ్నించిరి. వారిలో మన దేశస్థులును కలరు. 1924 నాటి చట్టముతో ఈ పద్ధతి మారినది. వలసపోగోరువాడు తన దేశములోనే అమెరికా కాన్సలు నెదుట నిలిచి వీసా సంపాదించి, ఆ పిమ్మటనే ఓడ యెక్కవలసి వచ్చెను. ఉన్న పొలము అమ్ముకొని సముద్రము దాటి వచ్చినవానిని గుమ్మములోనుండి త్రోసివేయుటకంటె, బయలుదేరకమునుపే కాదనుట కొంత దయయే. కాని కాదనుట లోకమునకు కనబడకుండ దూరదేశములలో జరిగిపోవుటకు గూడ అది దారియైనది. మనవారికి మాత్రము ఆ కిటికీ చాలకాలము మూసియే యుండెను. 1946లో భారతీయులకు ఏటికి నూరుగురి వంతున మాత్రమే వలస యనుమతి లభించెను. 1965 చట్టము వచ్చిన తరువాతనే తలుపులు నిజముగా తెరచుకొన్నవి.

మన దేశమునందును ఇట్టి ప్రశ్న యొకటి యుండెను. 1860 నవంబరులో ట్రూరో అను ఓడ మదరాసునుండి కూలీలను గొనిపోయి నేటాలులోని దర్బను రేవులో దింపెను. తమిళులతోపాటు తెలుగువారును అందుండిరి. తరువాత 1883లో వచ్చిన వలస చట్టము ప్రకారము, కూలికి ఒప్పుకొన్న ప్రతి స్త్రీపురుషుని ఒక అధికారి యెదుటికి తీసికొనిపోవలెను. ఆ యధికారి 'నీకు షరతులు తెలిసినవా? నీ యిష్టముతో పోవుచున్నావా?' యని విచారించి పేరు నమోదు చేయవలెను. కూలీలను చేర్చు దళారీలు నేర్పిన జవాబునే నిరుపేదలు అప్పగించుటయు, అధికారి తలయెత్తకయే చేవ్రాలు చేయుటయు జరిగినమాట నిజమే. 1917లో ఆ కూలీవలసయే నిలిచిపోయెను. అయినను ఆ చట్టములో నొక మంచి తలంపు ఉన్నది. పోవు మనిషి ఇష్టమేమని, పోవకముందు, తన భాషలో, తన దేశములో అడుగవలెనను తలంపు అది. నేటి మన చదువుకొన్న కుటుంబములలో ఈ ప్రశ్న యెవ్వరు అడుగుచున్నారు?

వీసాకై యింటిలో జరుగు హడావుడి చూడుడు. ఇరువదియొక్క యేండ్లు నిండిన పౌరుడైన కొడుకు తల్లికై అర్జీ పెట్టును. తలిదండ్రుల విషయములో సంఖ్యాపరిమితి లేదు గనుక తోబుట్టువులవలె పదేండ్లకు పైబడి కాచుకొనవలసిన పని యుండదు. అర్జీ అంగీకరింపబడిన పిమ్మట 325 డాలర్లు వీసాకును, 120 డాలర్లు పోషణపత్రమును పరిశీలించుటకును చెల్లింపవలెను. పోలీసు ధ్రువపత్రము, వైద్యపరీక్ష, టీకాలు, వివాహపత్రము, జన్మపత్రము కావలెను. జన్మపత్రమనగానే ఇంటనున్న ముసలివారికి చిక్కు. జనన మరణముల నమోదుకు దేశమంతటికి నొక్కటే చట్టము వచ్చినది 1969లో. అంతకుముందు పల్లెలలో పుట్టిన ఆడపిల్లలలో ఎందరి పేర్లు ఏ పుస్తకములోను ఎక్కలేదు. అట్టివారు పంచాయతీనుండి నమోదు లేదని పత్రము తెచ్చుకొని, తమకంటె పెద్దలైన బంధువులచేత ప్రమాణపత్రములు వ్రాయించుకొనవలెను. ఈ పనులన్నిటికి మనయిండ్లలో ఎవరో యొకరు పరుగులిడుదురు. ఏజెంటు నడుగుదురు, ఇదివరకే వెళ్లివచ్చిన పొరుగువారి నడుగుదురు, చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణములు మ్రొక్కుదురు. ఆ తల్లిని మాత్రము అడుగరు.

మా మేనత్త విషయములో ఇది నేను కన్నులార చూచితిని. ఆమె పుట్టినది కోనసీమలోని యొక పల్లె. 1956 గోదావరి పుష్కరాలనాటికి మూడేండ్ల పిల్లనని చెప్పుటయే ఆమె యెరిగిన జన్మపత్రము. పెండ్లియైన పిదప మామయ్య ఉద్యోగమును బట్టి అమీరుపేటకు వచ్చి, ఆ సందులోనే ఏబది యేండ్లకు పైగా కాపురము చేసెను. మామయ్య పోయి నాలుగేండ్లైనది. ఒక్కడే కొడుకు; టెక్సాసులో నున్నాడు; మంచివాడు. అమ్మ ఒంటరిగా నున్నదని అతనికి నిజముగా దిగులు. అర్జీ అతడే పెట్టెను, ఖర్చు అతడే భరించెను, ప్రతిదినము ఫోను చేసి కాగితముల సంగతి విచారించెను. ఇంటర్వ్యూ తేదీ రాగానే తోడుపోవు పని నాకు వచ్చెను.

రాత్రి రైలెక్కి, మరునాటి యుదయము ముంబయి చేరి, బాంద్రాకు దాపున నొక గది తీసికొంటిమి. వేలిముద్రల పని యొకనాడు, ఇంటర్వ్యూ మరియొకనాడు. మోకాళ్లనొప్పి గల డెబ్బదిరెండేండ్ల మనిషికి అది తేలికపని గాదు. గదిలో రాత్రి ఆమె నిదురపోలేదు. కాగితముల సంచిని తలగడప్రక్కన పెట్టుకొని, కోడలి పుట్టినతేది, మనుమల పేర్లు, కొడుకు జీతము మరల మరల వల్లె వేసికొనెను. పదవతరగతి పరీక్షకు పోవు పిల్లవలె నుండెను.

లోపలికి నేను పోవుటకు వీలులేకపోయెను. బయట నీడపట్టున నిలిచితిని. అక్కడ నావంటి తోడువచ్చినవారు మరికొందరు కలరు. ఒకరి భాష యొకరికి రాదు. అయినను అందరి కన్నులు ఆ గుమ్మముమీదనే. రెండుగంటల పిమ్మట అత్తయ్య నెమ్మదిగా వచ్చెను. 'ఏమైనది అత్తయ్యా?' యంటిని. 'ఇచ్చారమ్మాయీ' అని మాత్రము చెప్పి, ఆటోలో కూర్చుండువరకు మరేమియు పలుకలేదు. పిదప తనంతట తానే చెప్పెను.

'కుడిచెయ్యి ఎత్తి నిజం చెబుతానని ప్రమాణం చేయించారు. పిల్లాడి పేరు, పెళ్లెప్పుడయింది, ఎంతమంది పిల్లలు, అన్నీ అడిగారు. తెలుగు తెలిసిన అమ్మాయి పక్కనుంచి చెప్పింది. చివరికి ఆ దొరసాని, అక్కడ ఉండిపోవాలని మీకు ఉందా అంది. నాకు నోట మాట రాలేదు. మా అబ్బాయి రమ్మన్నాడండీ అన్నాను. ఆవిడ నవ్వి కాగితం మీద ఏదో రాసుకుంది. అమ్మాయీ, ఆ మాట నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదే!'

ఆ మాటలో కొడుకుమీద నింద లేదు. తనకు తానే ఆశ్చర్యపడినట్లుండెను. తండ్రి యడుగక పెండ్లి చేసెను. భర్త యడుగక పట్టణమునకు తెచ్చెను. కొడుకు అడుగక ఖండాంతరమునకు పిలిచెను. ముగ్గురును ఆమెను ప్రేమించినవారే. ఆమె ఇష్టమేమని మొట్టమొదట అడిగినది, ఆమె పేరు సరిగా పలుకలేని యొక పరదేశపు టుద్యోగిని. అదియును తన ప్రభుత్వము కొరకు అడిగినదే గాని, ఈమె కొరకు అడిగినది గాదు.

ఇచ్చట ఆ కిటికీకి గల యధికారమును గూడ మనము గుర్తింపవలెను. కాన్సలు కాదన్నచో ఆ తీర్పును న్యాయస్థానములు సామాన్యముగ విమర్శింపవు. 2024 జూన్‌లో అమెరికా సుప్రీముకోర్టు మున్యోజు వ్యాజ్యములో, పౌరురాలికైనను పరదేశీయుడైన తన భర్తను దేశములోనికి రప్పించుకొను ప్రాథమికమైన హక్కు లేదని తీర్మానించినది. ఆ గుమ్మము వారిది. ఎవరిని రానిత్తురో వారి యిష్టము. మనము దానిని మార్చలేము. కాని మన గుమ్మము మనది. ఎవరు ఏల పోవుచున్నారో విచారించు బాధ్యతను మనము ఆ కిటికీకి వదలివేయుట న్యాయమా?

కొడుకు తల్లికై వ్రాసియిచ్చు పోషణపత్రమునే చూడుడు. అచ్చటి దారిద్ర్యరేఖకు 125 శాతము తగ్గని యాదాయము చూపి, ఈమెను పోషించు భారము నాదని అతడు చట్టబద్ధముగ ఒప్పుకొనును. కూడునకు గుడ్డకు లోటు రాదని ఆ కాగితము చెప్పును. పగలంతయు కొడుకు కోడలు పనికి, మనుమలు బడికి పోయిన యింటిలో ఆమె యెవ్వరితో మాటలాడునో, కారు నడుపరాని మనిషి కూరలకైనను గుడికైనను ఎట్లు పోవునో, తన చేతిలో ఖర్చునకు తన సొమ్ము ఎంత యుండునో ఆ కాగితములో లేదు. ఆ షరతులు ఇంటిలో మాటలాడుకొనవలసినవి.

మరియొక విషయము. ఈ వీసా ఒక్కసారి చేతికి వచ్చినచో సామాన్యముగ ఆరునెలలలోపల ప్రయాణము చేయవలెను. అచ్చట స్థిరనివాసియైన పిమ్మట సంవత్సరమునకు మించి స్వదేశములో నుండదలచినచో ముందుగా రీఎంట్రీ పర్మిట్టు పొందవలెను. లేనిచో నివాసమును విడిచినట్లే యెంచుదురు. అనగా తులసికోటను, సందు చివరి పరిచయములను, భర్తతో కాపురము చేసిన గదులను వదలి, వానిని చూచుటకు తిథులు లెక్కపెట్టుకొనుచు రావలెను. మనుమలను చూచి రావలెనన్న కోరికయే అయినచో దానికి సందర్శకుల వీసా కలదు. దాని యింటర్వ్యూ నానక్‌రాంగూడలోనే జరుగును. సామాన్యముగ వెళ్లినప్పుడెల్ల ఆరునెలలవరకు ఉండనిత్తురు. ఈ రెంటికి గల భేదమును తల్లికి విడమరచి చెప్పు కొడుకులు ఎందరు? కొన్ని కుటుంబములలో తల్లికి ముందుగా స్థిరనివాసము సంపాదించి, ఆమెచేత పెండ్లికాని తమ్మునికో చెల్లెలికో అర్జీ పెట్టింతురు. సోదరుని వరుసలో కంటె అది త్వరగా తెమలునని లెక్క. చట్టములో తప్పు లేదు. కాని తల్లిని వంతెనగా వేసికొనువారు, వంతెనతోనైనను ఒకమాట చెప్పవలదా?

ఇక చేయవలసినదేమి? అధికారుల పక్షమున చూడగా, వలసకాగితములనన్నిటిని ఒకచోట చేర్చి, ఆ పనిలో ఆరితేరిన యుద్యోగులచేత పరిశీలింపజేయుటలో సౌకర్యము కలదు, కాదనరాదు. అయినను 54 కిటికీలు గల భవనమున్న నగరములో, డెబ్బదియేండ్లు దాటిన వారికై నెలకు రెండు దినములైనను ఈ యింటర్వ్యూలు జరుపుడని వినయముగ కోరుట అన్యాయము గాదు. ఇచ్చటి తెలుగు సంఘములును అచ్చటి తెలుగు సంఘములును నాట్యప్రదర్శనములకు చూపు శ్రద్ధలో కొంత దీనికి చూపవచ్చును. పూర్వము ఏ వీసాకైనను మనవారు చెన్నపట్టణమే పోవలసి యుండెను. బేగంపేటకు కాన్సులేటు వచ్చుటచేతనే ఆ కష్టము తగ్గినది. కావున స్థలము మారుట అసాధ్యము గాదు.

రెండవది మన చేతిలోనిది. దీనికి ఏ ప్రభుత్వముయొక్క యనుమతియు అక్కరలేదు. అర్జీ పెట్టుటకు ముందే, తల్లిని గాని తండ్రిని గాని ఒంటరిగా కూర్చుండబెట్టి అడుగుడు. నలుగురిలో అడిగినచో 'మీ యిష్టమే నా యిష్టము' అనుటకు మన యాడవారు చిన్ననాటనుండి నేర్పబడియున్నారు. ఒక్కపూట గాదు, నెలరోజులు గడువిచ్చి అడుగుడు. ముందొకసారి సందర్శకురాలిగ తీసికొనిపోయి, అచ్చటి చలికాలమొకటి చూపి, ఆ పిమ్మట అడుగుడు. ఆమె ఒప్పుకొన్నను ఇక్కడి యిల్లు వెంటనే అమ్మకుడు. పింఛను ఆమె పేరనే, బ్యాంకు పుస్తకము ఆమె చేతనే యుండనిండు. ఆమె రాననినచో అది మీమీది ప్రేమ తక్కువై గాదని నమ్ముడు. ఇక్కడ ఆమెకు తోడెట్లు కుదుర్పవలెనో ఆలోచింపుడు. పెండ్లియై భర్తవద్దకు పోవు ఆడపిల్ల విషయములోను ఇదే మాట. ముంబయి కిటికీ దగ్గర ఆమె పెండ్లి నిజమా యని అడుగుదురు. ఆ పెండ్లి ఆమెకు ఇష్టమా యని అడుగుట తలిదండ్రుల పని.

మా అత్తయ్య ముంబయినుండి వచ్చిన వారమునకు కొడుకునకు ఫోను చేసెను. నేను ప్రక్కగదిలో నుంటిని. 'వస్తాను నాయనా. కాని మూడు మాటలు. ఇల్లు అమ్మవద్దు. ప్రతి సంక్రాంతికి నన్ను ఇక్కడికి పంపాలి. పిల్లల్ని చూస్తాను గాని, పిల్లల కోసమే వచ్చానని ఎవరూ అనుకోవద్దు' అనెను. అవతలనుండి కొంతసేపు మాట వినబడలేదు. పిదప అతడు, 'అమ్మా, నీకు రావాలని ఉందా, లేదా? ముందు అది చెప్పు' అని యడిగెనట. ఆమె 'ఉందిరా' అనెను. ఆ యొక్కమాటలో ముంబయిలో నేను వినని స్థిరత్వము వినబడినది.

బేగంపేట యను పేరు, నిజాము కుమార్తెయైన యొక బేగమునకు పెండ్లిలో అరణముగా వచ్చిన భూమి యగుటచే కలిగినదని చెప్పుకొందురు. ఆ భూమి ఎవరికి చెందవలెనో పెద్దలు వ్రాసికొన్నారు. ఆమె ఏమి కోరెనో ఎవ్వరును వ్రాసిపెట్టలేదు. ఆ కాలపు పెద్దలకు అడుగవలెనను తలంపు పుట్టలేదని సరిపెట్టుకొనవచ్చును. నేటి మనకు ఆ సాకు లేదు. కుమారులారా, కుమార్తెలారా, మీ ఫైలులో కాగితములన్నియు సరిగానున్నవో లేవో చూచుకొనునప్పుడు, ఈ యొక్క జవాబును గూడ తల్లినోట విని మరీ అర్జీ పంపుడు.